పన్ను కూడా అమానతే: మన ఊరి కౌన్సిల్, మన దానం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, ఎంతమంది రోగులకు మందులు ఇప్పించాం, ఎన్ని ఇళ్లకు రేషన్ చేర్చాం అన్నది ఏటా ఇక్కడి నుంచి చెబుతూనే ఉన్నాం. ఆ లెక్కలు ఈ సంచికలోనే జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. తీరిగ్గా చూడండి, అనుమానం వస్తే అడగండి. ఇవాళ మేము ఇంకో సంగతి మీ ముందుంచుతున్నాం. అది మన ఊరి మున్సిపల్ కౌన్సిల్ సంగతి. దానధర్మాలు చేసే సంస్థకు కౌన్సిల్‌తో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. మీరిచ్చే డబ్బుతో ఆ పని నేరుగా ముడిపడి ఉంది.

మన ఆఫీసుకు వచ్చే అర్జీలు రెండు రకాలు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాలి, ఆటో ఖర్చులకు కూడా లేవు. అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది, హాస్టల్ ఫీజు కట్టలేం. ఇంటి పెద్ద పోయాడు, అద్దె కట్టాలి. ఇవి మొదటి రకం. మా వీధి కాలువ పొంగి ఇళ్లలోకి నీళ్లు వస్తున్నాయి, కాస్త సిమెంటు పని చేయించండి. ఖబరస్తాన్ దారిలో లైట్లు లేవు, రాత్రిపూట జనాజా తీసుకెళ్లాలంటే సెల్‌ఫోన్ వెలుతురే దిక్కు. మా గల్లీలో బోరు వేయించండి. ఇవి రెండో రకం. రెండూ నిజమైన అవసరాలే. అడిగేవాళ్లూ కష్టంలో ఉన్నవాళ్లే. కాని రెంటికీ ఇవ్వాల్సింది ఒకే పెట్టెలోంచి. కాలువకు ఇస్తే డయాలసిస్‌కు తగ్గుతుంది.

మన దాతల్లో ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. "కాలువ బాగు చేయమని వచ్చినవాళ్లను ఎందుకు వెనక్కి పంపారు? డబ్బులు లేవా?" అన్నారు. డబ్బులున్నాయి, మీలాంటివాళ్లే ఇచ్చారు అని చెప్పాం. అయితే ఆ కాలువకు మీరు ఇంతకుముందే ఒకసారి కట్టారు. ఇంటి పన్నులో కట్టారు, నీటి పన్నులో కట్టారు. ఇప్పుడు దానంలోంచి కూడా ఆ కాలువకే పోస్తే ఒకే పనికి రెండుసార్లు చెల్లించినట్టు. మొదట కట్టిన డబ్బు ఏమైందని అడిగేవాళ్లు ఉండరు. రెండోసారి ఇచ్చినందువల్ల ఒక రోగి ఆగిపోతాడు. ఈ మాట ఆయనకు నచ్చింది. మీ అందరికీ చెప్పమని ఆయనే అన్నారు.

మీరు మన చేతికిచ్చే డబ్బు అమానత్. అందులో ఎవరికీ పేచీ లేదు. పన్నుగా కట్టే డబ్బు కూడా అమానతే. అది కౌన్సిల్ చేతిలో ఉంది. మొదటి అమానత్‌కు మేము మీకు ఏటా లెక్క చెబుతున్నాం. రెండో అమానత్‌కు లెక్క అడగాల్సింది మనమే.

మున్సిపాలిటీ ఏమేం చేయాలన్నది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడిన విషయం కాదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూలు చేరింది. రాష్ట్రాలు పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితా అందులో ఉంది. తాగునీరు ఉంది, పారిశుద్ధ్యం, చెత్త తొలగింపు ఉన్నాయి, రోడ్లు వంతెనలు ఉన్నాయి, వీధి దీపాలు ఉన్నాయి, మురికివాడల బాగు ఉంది, జనన మరణాల నమోదు ఉంది, కబేళాల నియంత్రణ ఉంది. మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఒకటి ఉంది. ఖననాలు, ఖనన స్థలాలు, దహనాలు, దహన వాటికలు కూడా ఆ జాబితాలో 14వ అంశం. అంటే ఖబరస్తాన్ దారిలో దీపం పెట్టమని అడగడం మతం పేరుతో మెహర్బానీ కోరడం కాదు. రుద్రభూమికి, క్రైస్తవ సమాధుల స్థలానికి ఊరు ఏం చేయాలో దీనికీ అదే చేయమని అడగడం.

దీనికి డబ్బు ఎక్కడిది? ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, మున్సిపల్ షాపుల అద్దెలు, మార్కెట్ ఆశీళ్ల వేలం, ఇంటి ప్లాన్ల ఫీజులు. ఇవి ఊరి సొంత రాబడి. వీటికి తోడు కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు వస్తాయి. 2021 నుంచి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం మనలాంటి చిన్న నగరాలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని కేవలం రెండు పనులకు కట్టిపెట్టింది. సగం తాగునీటికి, వాన నీటి సంరక్షణకు. సగం పారిశుద్ధ్యానికి, చెత్త నిర్వహణకు. మిగతా 40 శాతం స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోనిచ్చింది, జీతాలకు మాత్రం కాదు. కాబట్టి ఎవరైనా "నిధులు లేవు" అన్నప్పుడు "ఏ పద్దులో లేవు?" అని అడగగలగాలి. ఆ ఒక్క ప్రశ్నతో మాట తీరే మారుతుంది.

ఇక కౌన్సిల్ సమావేశం ఎలా జరుగుతుందో చెబుతాం. మన కార్యవర్గంలోని కొందరు ఈ ఏడాది నెలనెలా వెళ్లి కూర్చుని విన్నారు. సభ జరిగేటప్పుడు పౌరులు వినవచ్చు. మాట్లాడే హక్కు మాత్రం సభ్యులదే. చైర్‌పర్సన్ అధ్యక్షత వహిస్తారు, కమిషనర్, ఇంజనీరు, శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒక పక్కన కూర్చుంటారు. ముందుగానే సభ్యులకు అజెండా అందుతుంది. అందులో అంశాలు వరుస నంబర్లతో ఉంటాయి. ఫలానా వార్డులో సీసీ డ్రైన్‌కు అంచనా, ఫలానా మోటారు మరమ్మతుకు బిల్లు, ఆశీళ్ల వేలం ఖరారు, అవుట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికుల గడువు పొడిగింపు. గుమాస్తా అంశం చదువుతారు. ఎవరూ నోరు విప్పకపోతే "ఆమోదించడమైనది" అని రాసుకుని తర్వాతి నంబరుకు వెళ్తారు. ఊరి డబ్బు చాలావరకు ఆ ఒక్క మాటతోనే ఖర్చవుతుంది. కేకలు, వాకౌట్లు పేపర్లో వస్తాయి. ఆమోదించిన అంశాలు రావు.

ఇందులో మనం గ్రహించాల్సింది ఇదే. అజెండాలో లేని కష్టం కౌన్సిల్‌కు లేనట్టే. దారిలో ఎదురైన కౌన్సిలర్‌తో "అన్నా, మా కాలువ చూడన్నా" అంటే ఆయన తల ఊపుతారు. ఆయనకు అలాంటి మాటలు రోజుకు పాతిక వస్తాయి. అదే మాట కాగితం మీద రాసి, ఫొటో పెట్టి, ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకుంటే అది ఫైలవుతుంది. ఫైలు ఇంజనీరు దగ్గరకు వెళ్తే అంచనా అవుతుంది. అంచనా అజెండాకు ఎక్కితే తీర్మానమవుతుంది. తీర్మానమైతే టెండరు పిలవాలి. ఈ మెట్లలో ఎక్కడ ఆగిందో తెలిస్తేనే ఎవరిని అడగాలో తెలుస్తుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఖబరస్తాన్ దారి విషయం ఈ మెట్లన్నీ ఎక్కింది. అది ఎలా జరిగిందో మీకు చెప్పడం మా బాధ్యత. దారిలో దీపాలు, పక్కన కాలువ కావాలని అర్జీ ఇచ్చాం. అంశం చర్చకు వచ్చినప్పుడు ఒక సభ్యుడు సూటిగా అడిగారు. "అది వక్ఫ్ స్థలం కదా, మున్సిపల్ డబ్బు అక్కడ ఎలా పెడతాం?" కొందరికి ఆ ప్రశ్న కష్టం కలిగించింది. నిజానికి అది అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సర్వే నంబరు, హద్దులు చూపించే నక్షా అర్జీకి జతచేశాం. ప్రహరీ లోపలిది వక్ఫ్, దాని బాగోగులు మనవే. ప్రహరీ బయటి దారి, కాలువ మున్సిపాలిటీవి. మనం అడిగింది బయటి పనే. ఇంజనీరు నక్షా చూసి అవునన్నారు. అక్కడితో ఆ అభ్యంతరం తీరిపోయింది.

అప్పుడు ఇంకో సభ్యుడు లేచి, తన వార్డులోని రుద్రభూమి దారి కూడా చీకటేనని, వానొస్తే శవాన్ని మోసేవాళ్ల కాళ్లు బురదలో దిగబడుతున్నాయని చెప్పారు. క్రైస్తవుల సమాధుల దారి మాటను మరొకరు ఎత్తారు. మనకు వచ్చేది ముగ్గురికి పంచితే చివరికి ఏమీ మిగలదేమోనని మనవాళ్లలో ఒకరు భయపడ్డారు. జరిగింది వేరు. ఒక్క వర్గం అడిగిన పనిగా ఉన్నప్పుడు చేద్దామా వద్దా అన్న చర్చ నడిచింది. మూడు దారులూ కలిసేసరికి అది ఊరి పని అయింది, వద్దనేవాళ్లు లేకపోయారు. మూడింటికీ కలిపి తీర్మానం చేశారు. ఆ రోజు నుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాం. కౌన్సిల్‌కు ఏ అర్జీ తీసుకెళ్లినా అదే కష్టమున్న పక్క వీధివాళ్లను, ఏ మతంవాళ్లయినా సరే, వెంట తీసుకెళ్తాం.

ఫలితం పూర్తిగా వచ్చిందని చెప్పడం లేదు. దీపాలు వచ్చాయి. కాలువకు టెండరు పిలిస్తే కాంట్రాక్టర్లు ముందుకు రాలేదు. పాత బిల్లులు రాలేదని, కొత్త పని పట్టలేమని అంటున్నారు. మళ్లీ టెండరు పిలవాలని రాసిచ్చాం. వెంటపడుతూనే ఉన్నాం. ఇది నెలల పని. సిమెంటు కొనిచ్చి వారంలో చేయించవచ్చు కదా అంటే చేయించవచ్చు. కాని వచ్చే ఏడాది పూడిక ఎవరు తీస్తారు? సొసైటీ కట్టిన కాలువను సొసైటీయే శుభ్రం చేసుకోమంటారు. ఊరి లెక్కల్లో లేని కాలువకు ఊరి కార్మికుడు రాడు.

పన్ను కట్టేవాడి మాటకు ఎంత బలముందో మన తెలుగు నేలే ఒకప్పుడు చూపించింది. చీరాల పేరు చెబితే చేనేత గుర్తుకొస్తుంది. వందేళ్ల కిందట చీరాల, పేరాలలను కలిపి అప్పటి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీగా చేసింది. నేతగాళ్లు, కూలీలు ఎక్కువగా ఉన్న ఆ ఊళ్ల మీద పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. మాకు ఈ మున్సిపాలిటీ వద్దని జనం ఎంత మొత్తుకున్నా విననివాళ్లే ఎక్కువ. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. పన్ను తీసుకునేవాడు తమ మాట వినాలని అంత కష్టానికి ఓర్చారు.

మనకు ఆ అవసరం లేదు. ఇప్పటి కౌన్సిల్ మనం ఓటేసి పంపింది. ఎన్నికైనవాళ్లతో పాటు కో-ఆప్షన్ సభ్యులుంటారు, వాళ్లలో మైనారిటీలకు చోటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి. వాటిలో పారిశుద్ధ్యానికి ఒక కార్యదర్శిని, వసతులకు ఒక కార్యదర్శిని పెట్టారు. ఊరు విడిచి వెళ్లనక్కర్లేదు. ఊళ్లో ఉంటూనే ఆఫీసు మెట్లెక్కితే చాలు. అదీ చేయకపోతే పన్నులు ఎక్కువని టీ కొట్లో అనుకోవడమే మిగులుతుంది.

జనన మరణాల నమోదు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గరకు వచ్చే వితంతువుల కష్టాల్లో సగం ఇక్కడే మొదలవుతున్నాయి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే తెలియజేస్తారు. ఇంట్లో పోతే తెలియజేయాల్సింది ఇంటివాళ్లు. మనలో మయ్యత్‌ను త్వరగా ఖననం చేస్తాం. మూడు రోజులు వచ్చేపోయేవాళ్లతో గడుస్తుంది. నమోదు సంగతి ఎవరికీ గుర్తుండదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు తెలియజేయాలి. అది దాటితే 30 రోజుల వరకు ఆలస్య రుసుము కట్టాలి. ఆ తర్వాత ఏడాదిలోపు అయితే అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ ఒక్క సర్టిఫికెట్ లేక పింఛను రాదు, బీమా రాదు, బ్యాంకులో ఉన్న డబ్బు రాదు, ఇల్లు పేరు మారదు. అలాంటి ఇంటికి మనం నెలనెలా రేషన్ ఇస్తాం, ఆమెకు హక్కుగా రావాల్సింది మాత్రం కౌంటరు అవతలే ఉండిపోతుంది. పిల్లల సంగతీ అంతే. 2023 అక్టోబర్ 1 నుంచి సవరించిన చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలుకొని పాస్‌పోర్టు వరకు జనన తేదీకి, జన్మస్థలానికి ఆ సర్టిఫికెట్టే ఆధారం. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా ముందు ముందు కష్టమే. కాబట్టి ఖబరస్తాన్‌లో ఖననం రిజిస్టరు రాసేవాళ్ల దగ్గరే నమోదు ఫారాలు ఉంచే ఏర్పాటు చేశాం. నింపడానికి ఒక అబ్బాయి సాయం చేస్తాడు. దీనికయ్యే ఖర్చు చాలా చిన్నది. దాని వల్ల ఒక ఇంటికి జరిగే మేలు పెద్దది.

ఇకపై మీ డబ్బును ఎలా వాడతామన్నది మూడు మాటల్లో చెబుతాం. మొదటిది, మున్సిపాలిటీ చేయాల్సిన పని మన దగ్గరకు వస్తే అర్జీదారుణ్ని ఉత్త చేతులతో పంపం. కూర్చోబెట్టి అర్జీ రాసిస్తాం, వెంట వెళ్తాం, రసీదు నంబరు మన రిజిస్టరులో రాసుకుంటాం. రెండోది, ప్రాణం మీదికి వచ్చే చోట ఆగం. ఎండాకాలంలో నీళ్లు బందైతే ట్యాంకరు పంపుతాం, వరదొస్తే భోజనాలు పెడతాం. అదే రోజు కమిషనర్‌కు లేఖ కూడా ఇస్తాం, మీరు చేయాల్సింది మేము ఎన్ని రోజులు చేశామో అందులో రాస్తాం. మూడోది, వచ్చే ఏడాది సంచికలో జమాఖర్చుల పక్కనే అర్జీల పట్టిక కూడా వేస్తాం. ఏది అడిగాం, ఏది అయింది, ఏది ఆగింది, ఎక్కడ ఆగింది అన్నీ ఉంటాయి.

మీ నుంచి డబ్బు కాక మరికొన్ని అడుగుతున్నాం. మీ ఇళ్లకు, షాపులకు పన్ను సకాలంలో కట్టండి. ఏప్రిల్ 30 లోపు ఏడాదిదంతా ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంది. బకాయి పెట్టుకున్నవాడు కౌన్సిల్‌లో గట్టిగా అడగలేడు. మీలో రిటైరైన ఇంజనీర్లున్నారు, అంచనాల్లో తేడాలు మీకు తెలుస్తాయి. ఆడిటర్లున్నారు, బడ్జెట్ పుస్తకం చదివి మాకు విడమర్చి చెప్పగలరు. వకీళ్లున్నారు. టీచర్లున్నారు, తప్పుల్లేకుండా అర్జీ రాయగలరు. నెలకు ఒక పూట ఇవ్వండి. సోదరీమణులు ముఖ్యంగా రావాలి. కుళాయి ఎన్ని గంటలకు వస్తుందో, ఎన్ని బిందెలు పడతాయో మగవాళ్ల కన్నా మీకే బాగా తెలుసు. ఆ లెక్క చెబితే ఏ అధికారీ కాదనలేడు.

వచ్చే నెల కౌన్సిల్ సమావేశం తేదీ తెలియగానే ఆఫీసు బోర్డు మీద రాసి పెడతాం. కాలువ టెండరు సంగతి ఆ రోజు మళ్లీ వస్తుంది. వీలైనవాళ్లు వచ్చి వెనక వరుసలో కూర్చోండి. మాట్లాడనక్కర్లేదు. వినేవాళ్లున్నారని తెలిస్తే అంశాన్ని చదివే గొంతు కూడా కాస్త పెద్దదవుతుంది.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక.